రేడియేటర్ లీక్ అవుతోందా? ఇంటి దగ్గరే మార్చుకునే ముందు ఇది వినండి

ఈ ఎపిసోడ్ మొత్తం మా ఇంటి ముందే, బోడుప్పల్‌లో మా గల్లీలోనే షూట్ చేశాను. వెనకాల ఎవరింట్లోనో కుక్కర్ విజిల్ వినిపిస్తే ఏమనుకోకండి. ఆ కుక్కర్‌తో కాసేపట్లో మనకి పని ఉంది.

టాపిక్ సింపుల్. కారు రేడియేటర్ లీక్ అయితే ఇంటి దగ్గర మనమే మార్చుకోవచ్చా? జవాబు ముందే చెప్పేస్తా. చిన్న కారు, మాన్యువల్ గేర్లు అయితే మార్చుకోవచ్చు. నాకు ఒక శని, ఆదివారం పట్టింది. కానీ అంతకన్నా ముఖ్యమైన విషయం ఇంకోటి ఉంది. రేడియేటర్ ఒక్క రోజులో పాడవదు. నెలల ముందు నుంచే చెబుతూ ఉంటుంది. మాకూ చెప్పింది, మేమే వినలేదు. వినకపోతే ఏమవుతుందో మా నాన్న కుడి చెయ్యి చూస్తే తెలుస్తుంది.

ఘట్‌కేసర్ దాటాక ఏం జరిగిందంటే

మాది 2012 మోడల్ హ్యాచ్‌బ్యాక్. నేను టెన్త్‌లో ఉన్నప్పుడు నాన్న కొన్నాడు. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే తప్పు కంపెనీది కాదు, మాదే.

పోయిన మే నెలలో ఒక శనివారం యాదగిరిగుట్టకి బయలుదేరాం. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలయ్యాయి. మన వైపు వాళ్ళకి ఆ రోడ్డు గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. మిట్టమధ్యాహ్నం ఎండ, ఫస్ట్ గేర్, సెకండ్ గేర్, ఏసీ ఫుల్. మేడిపల్లి దగ్గరే టెంపరేచర్ సూది సగం దాటి పైకి వెళ్ళడం నేను చూశాను. "నాన్నా, సూది పైకి పోతోంది" అన్నా. "ట్రాఫిక్ పోతే అదే దిగుతది, నీళ్ళు పొద్దున్నే పోసిన" అన్నాడు.

ట్రాఫిక్ పోయింది, సూది దిగలేదు. ఘట్‌కేసర్ దాటాక బానెట్ సందుల్లోంచి ఆవిరి రావడం మొదలైంది. పక్కకి ఆపాం. బానెట్ ఎత్తింది నేనే. అమ్మ "జర సేపు ఆగండి" అంటూనే ఉంది. నాన్న టవల్ మడిచి రేడియేటర్ మూత మీద పెట్టి తిప్పాడు. అర తిప్పు. అంతే.

మూత ఎగిరిపోయింది. మరిగే నీళ్ళు, ఆవిరి కలిసి ఆయన చేతి మీద పడ్డాయి. మణికట్టు నుంచి మోచేతి దాకా కాలింది. ముఖం పక్కకి తిప్పి ఉన్నాడు కాబట్టి కళ్ళు దక్కాయి. పక్కన టీ కొట్టు అన్న డ్రమ్ముతో నీళ్ళిచ్చాడు. ఆ నీళ్ళు పోస్తూ, తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్ళాం. 3 వారాలు డ్రెస్సింగ్. గుట్టకి పోలేదు.

ఇది మీకు జాలి పుట్టించడానికి చెప్పడం లేదు. నేను పక్కనే నిలబడి ఉన్నా. బీటెక్ చదివాను, ఫిజిక్స్ పాస్ అయ్యాను, అయినా "మూత తియ్యకు" అనే మాట నా నోట్లోంచి రాలేదు. ఎందుకంటే లోపల ఏముందో నాకూ నిజంగా తెలియదు. అందుకే ముందు అది తెలుసుకుందాం. పానా పట్టుకోవడం తర్వాత.

రేడియేటర్ అంటే మూత ఉన్న కుక్కర్

ఇంజిన్‌లో కాలే పెట్రోల్ శక్తిలో చక్రాలు తిప్పడానికి పనికొచ్చేది నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకానే. మిగతాదంతా వేడి. అందులో కొంత సైలెన్సర్ గుండా పోతుంది, ఇంకో పెద్ద భాగాన్ని ఇంజిన్ లోపల తిరిగే నీళ్ళు మోసుకొస్తాయి. వాటర్ పంప్ ఆ నీళ్ళని ఇంజిన్‌లో తిప్పుతుంది. థర్మోస్టాట్ అనే చిన్న వాల్వ్ 80ల్లో ఉన్న డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. వేడి నీళ్ళు పై పైపు గుండా రేడియేటర్‌కి వస్తాయి, సన్నని గొట్టాల్లో పారుతూ చల్లబడతాయి, కింద పైపు గుండా మళ్ళీ ఇంజిన్‌లోకి పోతాయి. స్పీడ్‌గా పోతుంటే ఎదురుగాలి చల్లబరుస్తుంది. ట్రాఫిక్‌లో ఆ గాలి ఉండదు, ఫ్యాన్ ఒక్కటే దిక్కు. అందుకే రేడియేటర్ బలహీనమైతే ముందు బయటపడేది ట్రాఫిక్‌లోనే.

తేనెపట్టు లాంటి ఈ రేడియేటర్‌ని జర్మనీలో డైమ్లర్ కంపెనీ ఇంజినీర్ విల్‌హెల్మ్ మేబాక్ 1901 నాటి మెర్సిడెస్ కారుకి పెట్టాడు. ఎక్కువ గాలి తగిలేలా చేసి తక్కువ నీళ్ళతో ఎక్కువ వేడి తీసేయడం ఆయన ఐడియా. ఇవాళ్టికీ అదే ఐడియా నడుస్తోంది.

ఇప్పుడు మూత సంగతి. సముద్ర మట్టంలో నీళ్ళు 100 డిగ్రీలకి మరుగుతాయి. మన హైదరాబాద్ 500 మీటర్లకి పైన ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ 98 దగ్గరే మరుగుతాయి. ఇంజిన్‌కి అది సరిపోదు. అందుకే కుక్కర్‌లో చేసినట్టే మూత బిగించి ప్రెషర్ పెంచుతారు. రేడియేటర్ మూత మీద 0.9 అనో, 1.1 అనో అచ్చు ఉంటుంది. అది బార్ లెక్కలో ప్రెషర్. 0.9 మూత ఉంటే లోపల ఉత్త నీళ్ళు కూడా 118 డిగ్రీల దాకా మరగవు. మీ ఇంట్లో కుక్కర్ కూడా దాదాపు ఇదే ప్రెషర్‌లో, ఇదే వేడిలో పని చేస్తుంది.

సరే, లోపల నీళ్ళు 110 డిగ్రీల దగ్గర ఉన్నాయి, మరగడం లేదు, చప్పుడు లేదు. మీరు మూత తీశారు. ప్రెషర్ ఒక్కసారిగా పోయింది. ఇప్పుడు ఆ నీళ్ళ మరిగే పాయింట్ 98. అంటే 12 డిగ్రీలు ఎక్కువ వేడి మీద ఉన్నాయి. ఆ వేడికి 4 లీటర్లలో 2 శాతం, అంటే 80 మిల్లీలీటర్లు, రెప్పపాటులో ఆవిరైపోతాయి. ఒక చిన్న టీ గ్లాసుడు నీళ్ళు. కానీ ఆవిరైతే అవి దాదాపు 130 లీటర్ల చోటు కావాలంటాయి. అన్ని లీటర్లు ఆ రూపాయి బిళ్ళ అంత కంతలోంచి, మిగతా మరిగే నీళ్ళని తోసుకుంటూ బయటికి రావాలి. టవల్ ఏం ఆపుతుంది?

విజిల్ పోకుండా కుక్కర్ మూత తియ్యకూడదని మనకి చిన్నప్పుడే అమ్మ చెప్పింది. రేడియేటర్ గురించి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నేను చెబుతున్నా. పై రబ్బరు పైపుని చేత్తో నొక్కి చూడండి. వేడిగా ఉన్నా, గట్టిగా ఉన్నా మూత ముట్టుకోవద్దు. కనీసం 2, 3 గంటలు ఆగండి. ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకుంటా అంటే, ఇదే గుర్తుపెట్టుకోండి.

అసలు ఎందుకు లీక్ అయింది?

ఇక్కడే నా మనసుకి గుచ్చుకునే విషయం ఉంది. నాన్న కారుని నిర్లక్ష్యం చేసే మనిషి కాదు. ప్రతి ఆదివారం కడుగుతాడు, బానెట్ ఎత్తి చూస్తాడు. నీళ్ళు తగ్గితే మగ్గుతో బోరు నీళ్ళు పోస్తాడు. రెండేళ్ళుగా పోస్తూనే ఉన్నాడు. "తగ్గితే పోస్తే అయిపాయె, ఏమైతది?" అనేవాడు.

మన బోరు నీళ్ళు ఎలా ఉంటాయో మీకు తెలుసు. బకెట్‌లో పెట్టే హీటర్ రాడ్ చూడండి, ఆరు నెలల్లో తెల్లగా పొక్కు కడుతుంది. అది నీళ్ళలో ఉన్న కాల్షియం. నీళ్ళు వేడెక్కితే కరిగి ఉన్న కాల్షియం గట్టి పొరగా మారి వేడి తగిలే చోట అంటుకుంటుంది. ఇంజిన్‌లో, రేడియేటర్ గొట్టాల్లో జరిగేది అదే. గొట్టాలు అసలే సన్నం. పొర కడితే నీళ్ళు సరిగ్గా పారవు, వేడి సరిగ్గా బయటికి పోదు.

రెండో దెబ్బ తుప్పు. కూలెంట్ అంటే రంగు నీళ్ళు కాదు. అందులో ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది, లోహం తినకుండా కాపాడే మందులు ఉంటాయి. గ్లైకాల్ సగానికి సగం కలిపితే మరిగే పాయింట్ ఇంకో 8, 9 డిగ్రీలు పెరుగుతుంది. మనకి మంచు పడదు కదా కూలెంట్ ఎందుకు అంటారు చాలామంది. మంచు కోసం కాదు, అల్యూమినియం కోసం. ఒక్కో మగ్గు నీళ్ళు పోసినప్పుడల్లా ఆ మందు పలచబడుతూ వచ్చింది. చివరికి మా కారులో ఉన్నది ఇటుక రంగు బోరు నీళ్ళు.

ఇంకో చిట్కా గురించి కూడా చెప్పాలి. పాత డ్రైవర్లు రేడియేటర్ కారితే పసుపు పోసేవాళ్ళు. పొడి పోయి కంతలో ఇరుక్కుని లీక్ తగ్గేది. దారిలో ఇరుక్కున్న లారీకి ఊరు చేరేదాకా అది పనికొచ్చి ఉండొచ్చు. కానీ పొడికి మంచి గొట్టం ఏదో, కంత ఏదో తెలియదు కదా. రెండూ మూస్తుంది. నాన్న అది కూడా ఒకసారి చేశాడట, నాకు తర్వాత చెప్పాడు.

సో, నీళ్ళు పోయడం రిపేర్ కాదు, వాయిదా. సీల్ చేసిన సిస్టమ్ అది. నీళ్ళు తగ్గుతున్నాయంటే ఎక్కడికో పోతున్నాయి. ఎక్కడికి అని అడగకుండా మళ్ళీ నింపడం అంటే, సర్వర్ క్రాష్ అయినప్పుడల్లా లాగ్ చూడకుండా రీస్టార్ట్ చేయడం లాంటిది. ఆఫీసులో ఎవరైనా అట్ల చేస్తే నేను గొడవ పెట్టుకునేవాణ్ణి. ఇంట్లో రెండేళ్ళు చూస్తూ ఊరుకున్నా.

ముందు లీక్ ఎక్కడో పట్టుకోండి

ఇక్కడ నేను చేసిన తప్పు చెబుతా. కారుని టో చేయించి వర్క్‌షాప్‌లో చూపించాం. అదృష్టం బాగుండి ఇంజిన్‌కి ఏం కాలేదు. రేడియేటర్ మార్చాలి, అంతా కలిపి 9,000 అవుతుంది అన్నారు. నేను తెలివి ఉపయోగించాను. పై పైపు మూతి దగ్గర తెల్లగా ఎండిన మరక కనిపించింది. "ఓహో, పైపే కదా" అని పై పైపు ఒక్కటే కొని మార్చేశా. వారం తిరిగేసరికి మళ్ళీ అర లీటరు తగ్గింది.

అప్పుడు ఉప్పల్‌లో పాత కాలం నుంచి రేడియేటర్ల పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళా. ఆయన మూత తీసి, ఆ చోట చేత్తో కొట్టే చిన్న పంపు బిగించి గాలి కొట్టాడు. ప్రెషర్ టెస్టర్ అంటారు దాన్ని. ఇంజిన్ చల్లగా ఉండగానే లోపల ప్రెషర్ వచ్చేస్తుంది. 2 నిమిషాల్లో రేడియేటర్ పై అంచున, ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంని కలిసే చోట చెమట పట్టినట్టు తడి వచ్చింది. అది జారి పైపు మూతి దగ్గర ఎండిపోతోంది. నేను చూసింది నీళ్ళు చేరిన చోటు, పుట్టిన చోటు కాదు.

"అతికించొచ్చా పెద్దనాన్నా?" అని అడిగా. నవ్వాడు. "అంబాసిడర్‌లది రాగి, ఇత్తడి తమ్మీ. సోల్డర్ పెడితే ఇంకో పదేండ్లు పోయేది. ఇది ప్లాస్టిక్. దీన్ని ఏడ అతకాలె?" అన్నాడు. ఇప్పటి రేడియేటర్లలో మధ్యలో అల్యూమినియం, రెండు చివరలా ప్లాస్టిక్ ట్యాంకులు, మధ్యలో రబ్బరు సీల్, అంచులు మడిచి బిగిస్తారు. తేలిక, చవక, కానీ ప్లాస్టిక్ పెళుసైతే మార్చడమే.

మీరు ఇంటి దగ్గర చూసుకోవాలంటే, రాత్రి కారు కింద ఇంజిన్ భాగంలో పెద్ద అట్టముక్క పరవండి. పొద్దున మరక ఎక్కడ ఉందో చూడండి. ఏసీ వాడాక కారిన నీళ్ళు రంగు లేకుండా, వాసన లేకుండా ఉంటాయి, దానికి కంగారు పడొద్దు. కూలెంట్ అయితే ఆకుపచ్చగానో, ఎర్రగానో, జిడ్డుగా ఉంటుంది. ముందు భాగంలో ఉంటే రేడియేటర్ గానీ పైపులు గానీ. బెల్టు ఉండే పక్కన ఉంటే వాటర్ పంప్ కావచ్చు. కారు లోపల తియ్యని వాసన, కాళ్ళ దగ్గర మ్యాట్ తడి ఉంటే డాష్‌బోర్డు వెనక ఉండే హీటర్. బయట ఎక్కడా మరక లేకుండా తగ్గుతూ ఉంటే, సైలెన్సర్ నుంచి తెల్ల పొగ వస్తుంటే, ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపిస్తే అది హెడ్ గ్యాస్కెట్. అది ఇంటి పని కాదు, కారు స్టార్ట్ కూడా చెయ్యొద్దు.

ఇంకో మాట. పక్కన తెల్ల డబ్బా ఉంటుంది కదా, రిజర్వాయర్, అది నిండుగా ఉంటే అంతా బాగున్నట్టే అనుకోవద్దు. రేడియేటర్ మూతలో రెండు వాల్వ్‌లు ఉంటాయి. ఒకటి వేడెక్కితే ఎక్కువైన నీళ్ళని డబ్బాలోకి పంపుతుంది. రెండోది చల్లారాక వెనక్కి లాగుతుంది. ఆ రెండోది పాడైతే డబ్బా నిండుగా, రేడియేటర్ ఖాళీగా ఉంటుంది. నాన్న "పొద్దున్నే పోసిన" అన్నాడే, ఆయన పోసింది ఆ డబ్బాలోనే.

ఎవరు చెయ్యొచ్చు, ఎవరు చెయ్యొద్దు

వారంటీ ఉన్న కారు, ఆటోమేటిక్ గేర్ల కారు, ముందు బంపర్ మొత్తం విప్పితే గానీ రేడియేటర్ రాని కారు అయితే వర్క్‌షాప్‌కి పొండి. ఆటోమేటిక్‌లో చాలా వాటికి గేర్ ఆయిల్ పైపులు కూడా రేడియేటర్‌లోకే వస్తాయి. బానెట్ తెరిస్తే రేడియేటర్, ఫ్యాన్, రెండు పైపులు నేరుగా కనబడే పాత చిన్న కారు అయితే మీరు చెయ్యొచ్చు. ఒక్కరే చెయ్యొద్దు, ఇంకొకరు ఉండాలి.

నా ఖర్చు చెబుతా. రేడియేటర్ 3,200. పై పైపు, కింద పైపు 650. స్క్రూ క్లిప్పులు 4 కలిపి 120. కొత్త మూత 180. కూలెంట్ కాన్సంట్రేట్ 2 లీటర్లు 700. డిస్టిల్డ్ వాటర్ 10 లీటర్లు 150. మొత్తం 5,000 రూపాయలు. డిస్టిల్డ్ వాటర్ అంటే బ్యాటరీల షాపులో దొరికేదే. స్పేర్ పార్ట్స్ కోసం నేను రాణిగంజ్ వెళ్ళాను. వెళ్ళేటప్పుడు కారు మోడల్, సంవత్సరం, పెట్రోలా డీజిలా, ఏసీ ఉందా లేదా, ఇవన్నీ రాసుకుని, పాత రేడియేటర్ ఫోటోలు తీసుకుని పొండి.

పనిముట్లు ఎక్కువ అక్కర్లేదు. 10, 12 నంబర్ పానాలు, గోటీ సెట్, స్క్రూ డ్రైవర్, ప్లేయర్, పెద్ద ప్లాస్టిక్ టబ్, గ్లవ్స్, రెండు అట్టముక్కలు.

ఇక పని మొదలు

శనివారం కడగడం, ఆదివారం మార్చడం అని ప్లాన్ చేసుకున్నాం. రాత్రంతా చల్లారిన ఇంజిన్. మూత తీసి, కింద డ్రెయిన్ స్క్రూ వదులు చేసి పాత నీళ్ళు టబ్‌లోకి దించాం. రేడియేటర్‌లోంచి రెండున్నర లీటర్లు వచ్చాయి. మిగతాది ఇంజిన్ లోపలే ఉంటుంది, ఇది గుర్తుంచుకోండి. తర్వాత డిస్టిల్డ్ వాటర్ నింపి, ఫ్యాన్ తిరిగేదాకా ఇంజిన్ నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి మళ్ళీ దించాం. ఇలా రెండు సార్లు. రెండోసారికి ఇటుక రంగు పోయి లేత టీ రంగు వచ్చింది. మా లీక్ చిన్నది కాబట్టి ఇలా కడగగలిగాం. మీది ధారగా కారుతుంటే ఈ స్టెప్ వదిలేసి నేరుగా మార్చండి, కడగడం తర్వాత.

ఆదివారం పొద్దున్నే ఒకటో పని: కారు చదునుగా ఉన్న చోట, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాల వెనక ఇటుకలు. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసెయ్యండి. కొన్ని కార్లలో తాళం తీసినా ఫ్యాన్ దానంతట అదే తిరుగుతుంది, వేళ్ళు జాగ్రత్త.

రెండు: ప్రతిదీ విప్పే ముందు ఫోన్‌లో ఫోటో. ఏ వైరు ఎక్కడిదో, క్లిప్పు ఏ వైపు తిరిగి ఉందో. ఇక్కడ అన్‌డూ బటన్ లేదు.

మూడు: పై పైపు, కింద పైపు, డబ్బా సన్న పైపు తీయండి. పాత పైపులు అంటుకుపోయి ఉంటాయి. ఎలాగూ కొత్తవి వేస్తున్నాం కాబట్టి బ్లేడుతో పొడుగ్గా కోసి ఒలిచెయ్యండి. ఇంజిన్ వైపు ఉన్న మూతులని మెలి తిప్పి విరగ్గొట్టొద్దు.

నాలుగు: ఫ్యాన్ కనెక్టర్ ఊడదీసి, ఫ్యాన్ ఫ్రేమ్ బోల్టులు విప్పి పైకి లాగండి. రేడియేటర్ ముందు ఇంకో జల్లెడ కనిపిస్తుంది, అది ఏసీ కండెన్సర్. దాని పైపుల జోలికి పోవద్దు. అందులో గ్యాస్ ప్రెషర్‌తో ఉంటుంది. రేడియేటర్‌ని దాన్నుంచి విడదీసి, మధ్యలో ఒక అట్ట దూర్చండి, గీతలు పడకుండా.

ఐదు: పై బ్రాకెట్లు విప్పి రేడియేటర్‌ని నిటారుగా పైకి ఎత్తండి. కింద రెండు రబ్బరు బుష్‌ల మీద కూర్చుని ఉంటుంది. అవి కొత్తదానికి మార్చాలి, పాతదానితో పారేయొద్దు.

ఆరు: కొత్తదాన్ని, పాతదాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. పైపు మూతులు, ఫ్యాన్ బోల్టు కంతలు, కింద కాళ్ళు, మందం. తేడా ఉంటే అక్కడే ఆగి షాపుకి తిరిగివ్వండి. "సర్దుకుంటుందిలే" అంటే ఇక్కడ సర్దుకోదు. పాత రేడియేటర్ చేతిలోకి తీసుకుంటే కొత్తదానికన్నా బరువుగా అనిపించింది. లోపల పేరుకున్న బోరు నీళ్ళ కాల్షియం, పసుపు.

ఏడు: తీసిన వరుసకి వెనక నుంచి బిగించుకుంటూ రండి. క్లిప్పు పైపు చివరన కాదు, మూతి మీద ఉండే ఉబ్బు దాటాక బిగించాలి. ప్లాస్టిక్ మూతి కాబట్టి బలం చూపించొద్దు. మూతకి పాతదాని మీద ఏ నంబర్ ఉందో అదే నంబర్. ఎక్కువ నంబర్ అయితే మంచిదేమో అనుకుంటే పైపులు పగులుతాయి.

నింపడంలోనే అసలు పరీక్ష

కూలెంట్ కొనేటప్పుడు సీసా మీద చూడండి. కలిపి ఇచ్చినదా, కాన్సంట్రేటా? ఇంజిన్‌లో ఇంకా డిస్టిల్డ్ వాటర్ మిగిలే ఉంది కదా, అందుకే నేను కాన్సంట్రేట్ తీసుకున్నా. మా కారులో మొత్తం పట్టేది 4 లీటర్లు. సగం అంటే 2 లీటర్లు. ముందు ఆ 2 లీటర్లు పోసి, మిగతా ఖాళీ డిస్టిల్డ్ వాటర్‌తో నింపాను. మీ కారుకి ఎంత పడుతుందో, ఏ రకం కూలెంటో మాన్యువల్‌లో ఉంటుంది. వేరే రకాలు కలపొద్దు. రంగు చూసి రకం నిర్ణయించొద్దు.

తర్వాత లోపల ఇరుక్కున్న గాలి బయటికి రావాలి. మూత పెట్టకుండా, బ్యాటరీ కలిపి, హీటర్‌ని ఫుల్ వేడి మీద పెట్టి ఇంజిన్ స్టార్ట్ చేశాం. చల్లటి ఇంజిన్‌తో మొదలుపెట్టినప్పుడు మాత్రమే మూత తీసి ఉంచొచ్చు, ముఖం దూరంగా పెట్టండి. బుడగలు వస్తుంటాయి, మట్టం దిగుతుంటుంది, కొంచెం కొంచెం పోస్తూ ఉండాలి. కింద పైపు వెచ్చబడిందంటే థర్మోస్టాట్ తెరుచుకున్నట్టు. బుడగలు ఆగాక మూత బిగించి, ఫ్యాన్ రెండు సార్లు తిరిగి ఆగేదాకా చూడాలి. కొన్ని కొత్త కార్లకి రేడియేటర్ మీద మూతే ఉండదు, పక్క డబ్బాకే ప్రెషర్ మూత ఉంటుంది. వాటికి అక్కడి నుంచే నింపాలి, పద్ధతి మాన్యువల్‌లో చూడండి.

నేను బుడగలు పూర్తిగా ఆగకముందే తొందరపడి మూత పెట్టేశా. గల్లీ చివరిదాకా పోయి వచ్చేసరికి సూది పైకి లేచింది, హీటర్ నుంచి చల్లగాలి వస్తోంది. హీటర్‌లో చల్లగాలి అంటే అక్కడికి నీళ్ళు చేరడం లేదు, గాలి అడ్డుపడింది. నా చెయ్యి అలవాటుగా మూత వైపు పోయింది. వెనక నుంచి నాన్న ఒకే మాట అన్నాడు. "ఆగు."

3 గంటలు ఆగాం. అన్నం తిన్నాం. చల్లారాక తీసి చూస్తే ముప్పావు లీటరు ఖాళీ. నింపి, ఈసారి ఓపికగా గాలి మొత్తం తీశాం. మర్నాడు పొద్దున్న ఇంకో గ్లాసుడు పట్టింది. ఆ తర్వాత తగ్గలేదు.

పాత కూలెంట్ మోరీలో పొయ్యొద్దు

ఇది సీరియస్. ఇథిలీన్ గ్లైకాల్ విషం. పైగా తియ్యగా ఉంటుంది. కుక్కలు నాకుతాయి, పిల్లలు తాగొచ్చు. కొంచెమే అయినా కిడ్నీలు పాడవుతాయి. ఎవరైనా మింగితే లక్షణాల కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. దించినదాన్ని గట్టి మూత ఉన్న క్యాన్‌లో పోసి, మీద పేరు రాసి, పాత ఆయిల్, కూలెంట్ తీసుకునే వర్క్‌షాప్‌లో ఇవ్వండి. కూల్‌డ్రింక్ సీసాలో మాత్రం ఎప్పుడూ పొయ్యొద్దు.

దారిలో ఇలా అయితే

సూది పైకి పోతుంటే ఏసీ ఆపండి, హీటర్ ఫుల్ పెట్టండి. మే నెలలో నరకంలా ఉంటుంది, కానీ హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే, కొంత వేడి లాగేస్తుంది. సేఫ్ చోటు చూసి ఆపి ఇంజిన్ ఆఫ్ చెయ్యండి. ఆవిరి వస్తుంటే బానెట్ వెంటనే ఎత్తొద్దు. మూత ముట్టుకోవద్దు. వేడి ఇంజిన్‌లో చన్నీళ్ళు పొయ్యొద్దు, లోహం పగలొచ్చు. "కొంచెం దూరమే కదా" అని నడపొద్దు. నీళ్ళు మరీ తగ్గితే సెన్సార్‌కి నీళ్ళే తగలవు, సూది మామూలుగానే చూపించొచ్చు. టో చేయించడానికి అయ్యే ఖర్చు ఇంజిన్ ఖర్చు ముందు ఏమీ కాదు.

ఎవరికైనా కాలితే, పారే మామూలు నీళ్ళ కింద 20 నిమిషాలు ఉంచండి. ఐస్ వద్దు, టూత్‌పేస్ట్ వద్దు. ఉంగరం, గడియారం తీసెయ్యండి. తర్వాత డాక్టర్.

ఇదంతా అయ్యి 4 నెలలు దాటింది. నాన్న ఆదివారం కారు కడగడం మానలేదు. కానీ మగ్గు పట్టుకోవడం లేదు. పొద్దున్నే, ఇంజిన్ స్టార్ట్ చేయకముందే డబ్బా మీద గీత చూస్తాడు, తేదీ వేసి గోడ మీద క్యాలెండర్‌లో టిక్ పెడతాడు. మొన్న పక్కింటి అంకుల్ మగ్గుతో నీళ్ళు తెచ్చి బానెట్ ఎత్తుతుంటే, నాన్న చొక్కా చెయ్యి పైకి మడిచి మచ్చ చూపించాడు. ఆయన మగ్గు కింద పెట్టేశాడు.

మీ ఇంట్లో కూడా ఒక పాత కారు, దానికి ప్రేమగా నీళ్ళు పోసే ఒక నాన్న ఉంటారు. రేపు పొద్దున ఆయనతో కలిసి ఒకసారి బానెట్ ఎత్తండి. చల్లగా ఉన్నప్పుడే. డబ్బా మట్టం దగ్గర మార్కర్‌తో గీత పెట్టి, వారం తర్వాత మళ్ళీ చూడండి. తగ్గితే నింపే ముందు ఎక్కడికి పోయిందో కనుక్కోండి.

మళ్ళీ కలుద్దాం. జాగ్రత్త.